గుండ్లకమ్మ రేవులో మూడు రోజులు

మద్రాసు నుంచి బెజవాడ వచ్చే రైలు ఒంగోలు దాటిన కొద్దిసేపటికి గుండ్లకమ్మ వంతెన ఎక్కుతుంది. వేసవిలో కిటికీలోనుంచి చూసినవాళ్ళు "ఇదీ ఒక నదేనా!" అని పెదవి విరుస్తారు. నల్లమల కొండల్లో పుట్టి సముద్రంలో కలిసే ఈ ఏటి ఒడ్డున, ఒంగోలుకు ఉత్తరంగా పది మైళ్ళ దూరంలో, వెల్లంపల్లి అనే ఊరున్నది. 1878 జూలై 3 వ తేదీ బుధవారంనాడు ఆ ఊరి రేవులో 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. ముందురోజు 614 మంది, మర్నాడు 700 మంది. మూడు రోజులకూ కలిసి 3,536.

బాప్టిస్టులు తక్కిన శాఖలవాళ్ళలా నెత్తిన నీళ్ళు చిలకరించి ఊరుకోరు. మనిషిని నిలువునా నీటిలో ముంచి లేపుతారు. పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరు. కాబట్టి ఆ లెక్కలో ఉన్నవాళ్ళంతా తమ నోట తాము ఒప్పుకొని ఏటిలోకి దిగినవాళ్ళే.

ఈ సంగతి అమెరికాకు చేరింది. అక్కడి మిషను చరిత్రలలో దీనికి కథానాయకుడు ఒక్కడే: రెవరెండ్ జాన్ ఎవరెట్ క్లౌ దొర. ఆయన గట్టివాడే, సందేహం లేదు. కాని ఆ బుధవారంనాడు నీళ్ళలోకి దిగి బాప్తిస్మం ఇచ్చినవాడు ఆయన కాదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకొని ఏటిలో నిలబడ్డారు. గట్టున గుమాస్తాలు పేర్లు చదువుతూ ఉంటే ఒక్కొక్కరే దిగారు. ఇద్దరు అలసిపోతే మరి ఇద్దరు వచ్చారు. మధ్యాహ్నం ఎండ తీవ్రమైనప్పుడు పని ఆపి, పొద్దు వాలాక మళ్ళీ మొదలు పెట్టారు. దొరగారు ఒడ్డున ఉండి ఏర్పాట్లు చూశారు.

ఆ ఆరుగురి వెనుక పన్నెండేళ్ళ కథ ఉన్నది. మిషను చరిత్రలలో అది దొర కథకు అనుబంధంగా వస్తుంది. అసలు కథ అదేనని నా అభిప్రాయం.

తెలుగుదేశానికి ప్రొటెస్టంటు బోధకులు రావడం 1805 లో, లండన్ మిషనరీ సొసైటీవారు విశాఖపట్నంలో దిగడంతో మొదలు. అమెరికన్ బాప్టిస్టుల తరఫున శామ్యూల్ డే అనే ఆయన 1836 లో వచ్చి, శ్రీకాకుళంలోనూ మద్రాసులోనూ కొంతకాలం గడిపి, 1840 లో నెల్లూరులో స్థిరపడ్డాడు. అక్కడ ఏళ్ళ తరబడి బోధించినా సంఘంలో చేరినవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఇంత ఖర్చుకు ఇదేనా ఫలితం అని అమెరికాలో పెద్దలు విసుగు చెందారు. 1853 లో ఆల్బనీ నగరంలో సభ చేసి, నెల్లూరు మిషను మూసివేద్దామా అని తర్జనభర్జన పడ్డారు. పటంలో ఒంటరి చుక్కగా కనిపించే ఆ స్థానాన్ని ఎవరో 'ఒంటి నక్షత్రం' అన్నారట. ఆ మాట పట్టుకొని శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అనే కవి రాత్రికి రాత్రి ఒక గీతం కట్టాడు. అమెరికావాళ్ళ దేశభక్తి గీతాలలో ప్రసిద్ధమైన 'అమెరికా' రాసినవాడే ఈయన. మిషను బతికింది. కవిత్వంవల్ల ప్రయోజనమేమిటని మా విద్యార్థులు అడిగినప్పుడు ఈ సంగతి చెబుతూ ఉంటాను.

1854 జనవరి 1 వ తేదీ తెల్లవారుజామున నెల్లూరు మిషనరీ లైమన్ జూయెట్ ఒంగోలులో ఒక కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక బోధకుణ్ణి పంపమని ప్రార్థన చేశాడు. ప్రార్థన కొండ అని దానికి పేరు వచ్చింది. ఆ వేళ కొండమీద ఉన్నవాళ్ళు అయిదుగురు. జూయెట్, ఆయన భార్య పోగా తక్కిన ముగ్గురూ తెలుగువాళ్ళు: క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. ముగ్గురిలో ఇద్దరు స్త్రీలు. కథ చెప్పేవాళ్ళు తరచుగా జూయెట్ పేరుతోనే ఆగిపోతారు.

ఇక పేరయ్య సంగతి. ఇంటిపేరు ఎర్రగుంట్ల. ఊరు ఒంగోలుకు పడమరగా నలభై మైళ్ళ ఎగువన ఉన్న తాళ్ళకొండపాడు. కులం మాదిగ, వృత్తి తోళ్ళ వ్యాపారం. చదువు లేదు. అయితే జిజ్ఞాస లేనివాడని అనుకోరాదు. క్రైస్తవం చెవిన పడకముందే వీరమ్మ అనే యోగిని దగ్గర రాజయోగం అభ్యసించి, తానే కొందరికి గురువై కూర్చున్నవాడు. అంటరానివాడని ఊరు బయట ఉంచిన మనిషి కన్ను మూసుకొని ధ్యానం చేస్తూ ఉండేవాడన్న సంగతి మనలో చాలామందికి కొత్తగా ఉంటుంది. మాదిగపల్లెల్లో అటువంటి గురువులూ శిష్యులూ ఆ కాలంలో ఉండేవారు.

తోళ్ళ బేరానికి పేరయ్య గోదావరి ప్రాంతందాకా పోయివచ్చేవాడు. పాలకొల్లు, ఏలూరు చుట్టుపట్ల అప్పటికే ఇంగ్లీషు బోధకులు పనిచేస్తున్నారు. వాళ్ళ మాటలు విన్నాడు. విన్నది మనసులో పడి, ఇంటికి వచ్చాక కూడా వదలలేదు. తాను నమ్మినది భార్య నాగమ్మకూ, తన శిష్యులకూ చెప్పనారంభించాడు. 1866 లో ఆలుమగలిద్దరూ బాప్తిస్మం పుచ్చుకున్నారు. క్లౌ దంపతులు ఒంగోలులో కాపురం పెట్టింది కూడా ఆ సంవత్సరం సెప్టెంబరులోనే. అంటే, దొర వెళ్ళి పేరయ్యను వెదికి పట్టుకున్నాడనడం కంటే, పేరయ్యే దొరను వెదుక్కుంటూ వచ్చాడనడం న్యాయం.

1867 జనవరి 1 న ఎనిమిదిమందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. ఆ నెలలోనే పేరయ్య పిలుపుమీద క్లౌ తాళ్ళకొండపాడు వెళ్ళాడు. ఊరి బయట చింతతోపులో చుట్టుపక్కల పల్లెలవాళ్ళు తిండిమూటలు కట్టుకొని వచ్చి కూర్చున్నారు. కొన్ని రోజులు వాళ్ళతో మాట్లాడి, ప్రశ్నలు వేసి, 28 మందికి బాప్తిస్మం ఇచ్చాడు.

తిరిగి వచ్చేసరికి ఒంగోలులో చిక్కు వచ్చి పడింది. ఊరి పెద్దలు కోరగా క్లౌ అంతకుముందే బ్రాహ్మణ, వైశ్య కుటుంబాల పిల్లలకు ఒక బడి పెట్టాడు. పెద్దలు మర్యాదగా రాకపోకలు సాగిస్తున్నారు. మాదిగలను చేర్చుకున్నారని తెలియగానే, వాళ్ళుంటే మేముండమని తేల్చి చెప్పారు. క్లౌ తటపటాయించాడు. చదువూ పలుకుబడీ గలవాళ్ళు ముందు చేరితే తక్కినవాళ్ళు తామే వస్తారని ఆనాటి మిషనరీలలో చాలామంది నమ్మకం. ఆయనా అలాగే అనుకొని వచ్చినవాడే. ఆ రాత్రి ఆయన ఒక గదిలో, భార్య హారియెట్ మరొక గదిలో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలో ఒకే అధ్యాయం కనిపించిందట. లోకంలో నీచులన్నవాళ్ళనే దేవుడు ఏర్పరచుకున్నాడన్న భావం అందులో ఉన్నది. ఇది దైవికమో యాదృచ్ఛికమో పాఠకుల ఇష్టానికి వదిలేస్తాను. ఏమైతేనేం, బడి మూతపడింది, పల్లెలు నిలిచాయి.

క్లౌ పల్లెలవాళ్ళకు ముఖ్యంగా మూడు షరతులు పెట్టాడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డుమాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. ఇవేమంత కష్టమని పట్నవాసులకు తోచవచ్చు. పల్లెలో మాదిగ బతుకెలా ఉండేదో తెలిస్తే గాని వీటి బరువు తెలియదు. పశువు చస్తే మోసుకుపోవాలి. తోలు ఊని రైతులకు చెప్పులు, కపిలకు తోలు తొండాలు కుట్టి ఇవ్వాలి. కోతలకూ నూర్పిళ్ళకూ పిలిచిన రోజున రావాలి. ఆదివారమని చెబితే కుప్ప ఆగదు. జాతరలో డప్పు కొట్టాలి. ఇన్నింటికీ కలిపి కళ్ళంలో కొలిచే నాలుగు గింజలే జీతం. కాబట్టి డప్పు కొట్టనన్న మాదిగ దేవుణ్ణి మాత్రమే కాదన్నట్టు కాదు, ఊరిని కాదన్నట్టు. ఊరు ఊరుకుంటుందా? కూలికి పిలవడం మానారు. నీళ్ళకు అడ్డుపడ్డారు. దొంగకేసులు బనాయించారు. దొర ఒంగోలులో ఉన్నాడు. దెబ్బ తిన్నది పల్లెలో ఉన్నవాళ్ళు.

అయినా పదేళ్ళలో సంఘం మూడువేల పైచిలుకు అయింది. పెంచినవాళ్ళు పేరయ్యలాంటి పల్లెబోధకులు. చేతికర్ర పట్టుకొని ఊరూరా కాలినడకన తిరిగి, తమ చుట్టాల ఇళ్ళలోనే కూర్చుని, తమ యాసలోనే చెప్పారు. వాళ్ళ పోషణ కొంత పల్లెలే భరించేవి, కొంత మిషను ఇచ్చేది. మూడు నెలలకొకసారి అందరూ ఒంగోలులో కలుసుకొని, తమ తమ ఊళ్ళ సంగతులు చెప్పుకొని, మళ్ళీ విడిపోయేవారు. 1872 లో రామాయపట్నంలో వీరి చదువుకోసం ఒక వేదాంత పాఠశాల కూడా వెలిసింది.

ఆ కాలపు క్రైస్తవుల మాటలు తెలుగు పంతులుగా నాకు ముచ్చటగా ఉంటాయి. బాప్తిస్మము అన్నది గ్రీకుమాట. తర్జుమా చేయకుండా చివర మన 'ము' తగిలించి ఇంటిమాట చేసుకున్నారు. సంఘాన్ని చూసుకొనేవాణ్ణి మాత్రం 'కాపరి' అన్నారు. గొర్రెల మందలు తిరిగే సీమలో ఆ మాటకు ఎవరూ అర్థం చెప్పనక్కరలేదు.

1876 లో వానలు రాలేదు. మరుసటి ఏడూ అంతే. ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి మనవాళ్ళు దాన్ని ధాత కరువన్నారు. దక్షిణదేశంలో లక్షలమంది పోయారు. పొలమూ పాడీ లేని మాలమాదిగ పల్లెలే ముందు తుడిచిపెట్టుకుపోయాయి. ప్రభుత్వం కరువు పనిగా సముద్రపు ఒడ్డు వెంబడి కాలువ తవ్వించింది. అదే బకింగ్‌హామ్ కాలువ. అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. క్లౌ అమెరికాలో ఉండగా సర్వేయరుగా పనిచేసినవాడు. సుమారు మూడున్నర మైళ్ళ కాలువ కంట్రాక్టు తీసుకొని పల్లెలవాళ్ళను పిలిచాడు. వేలమంది వచ్చారు. బోధకులే మేస్త్రీలయ్యారు. పగలు మట్టి కొలవడం, మధ్యాహ్నం నీడపట్టున కూర్చున్నప్పుడు నాలుగు మంచిమాటలు చెప్పడం. వాళ్ళెన్నడూ చూడని దూరపు పల్లెలవాళ్ళు వాళ్ళ చేతికింద నెలల తరబడి పనిచేశారు. ఆదరించి కూలి ఇప్పించిన మేస్త్రీ కూడా తమవంటివాడేనని కళ్ళతో చూశారు.

చేరతామని చాలామంది అడిగారు. క్లౌ వద్దన్నాడు. కరువు రోజుల్లో పదిహేను నెలలపాటు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూటికోసం కులం మార్చారన్న అపవాదు వస్తుందని ఆయనకు తెలుసు. వానలు కురిసి, సహాయనిధి డబ్బు అయిపోయాక, 1878 జూన్‌లో, ఇక నా దగ్గర పైసా లేదని చాటించాడు. వాళ్ళు కాలువపనిలో కాయలు కాచిన చేతులు చూపి, నిన్ను డబ్బు అడగడానికి రాలేదన్నారట. ఒంగోలు పట్నంలో జనం గుమికూడితే అంటురోగాలు రేగుతాయని వెల్లంపల్లి రేవుకు రమ్మన్నారు. ఏ పల్లెవాళ్ళను ఆ పల్లె బోధకుడు విచారించి, తెలిసినవాళ్ళని పూచీపడితేనే పేరు పట్టికలోకి ఎక్కింది. సంవత్సరాంతానికి చేరినవాళ్ళు 9,606.

కూటికోసమేనన్న మాట అయినా పోలేదు. అమెరికాలోనూ అన్నారు, ఇక్కడా అన్నారు, నేటికీ అంటున్నారు. నాకు తోచేదేమంటే, ఆ మాట అనేవాళ్ళు కూటిని తేలిక చేస్తున్నారు. కడుపు మాడుతున్నవాడికి గింజ పెట్టిందెవరు, నీళ్ళ దగ్గర తరిమిందెవరు అని చూసుకోవడం అవివేకం కాదు. అంతేగాక, పేరయ్య వెళ్ళింది కరువుకు పదేళ్ళ ముందు; దానివల్ల అతనికి కలిసివచ్చింది ఊరి కోపం. క్లౌ పెద్ద కంట్రాక్టరేగాని, మూడువేల అయిదువందల పైచిలుకు మందికి మూడు రోజుల్లో వ్యక్తిగతంగా పూచీపడగల పరిచయం ఆయనకు లేదు. అది పల్లెబోధకులకే ఉన్నది.

ఈ కథలో పేరయ్య భాగం మనకు దక్కింది ఒక స్త్రీ మూలంగా. హారియెట్ పోయాక 1894 లో క్లౌ వివాహమాడిన ఎమ్మా రౌషన్‌బుష్ మంచి విదుషి. ముసలి బోధకులను కూర్చోబెట్టి, వాళ్ళ చిన్నతనాలు, గురువులు, మాతంగి కథలు అడిగి తెలుసుకొని 1899 లో పుస్తకం వేసింది. దాని పేరు తెలుగులో చెబితే 'చెప్పులు కుట్టుకుంటూ' అవుతుంది. మతం మార్చిన పక్షపుదే అయినా, మాదిగపల్లెల నోటిమాటను అంత ఓపికగా విన్న పుస్తకం ఆ రోజుల్లో మరొకటి నేను చూడలేదు.

క్లౌ 1910 లో అమెరికాలో కన్నుమూశాడు. 1962 లో సంఘాలన్నీ తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశంగా ఏర్పడి స్వంత పాలనలోకి వచ్చాయి. దొరలు వెళ్ళిపోయారు. వెల్లంపల్లిలో పేర్లు రాయించుకున్నవాళ్ళ మనుమలు, మునిమనుమలు టీచర్లు, నర్సులు, గుమాస్తాలు, కొందరు ఇంకా కూలీలు. వాళ్ళకు మరొక పట్టికతో చిక్కు ఉన్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956 లో సిక్కులను, 1990 లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో వాళ్ళు వెనుకబడిన తరగతుల్లో 'సి' గ్రూపు. ఆ హోదా ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. ఈలోగా ఎన్నో ఇళ్ళలో పిల్లవాడికి రెండు పేర్లు: సంఘం పుస్తకంలో ఒకటి, బడి రిజిస్టరులో మరొకటి.