హైపోనా, హైపరా? పొరబడితే తిప్పలు పెట్టే ఇంగ్లిష్ మాటలు

పోయిన వేసవిలో మా అత్తగారు తెనాలి నుంచి ఇర్వింగ్ వచ్చారు. వచ్చిన రెండో వారంలో దగ్గు పట్టుకుంది. ఎంతకీ తగ్గకపోతే దగ్గర్లో ఉన్న క్లినిక్‌కి తీసుకెళ్లాను. చేతికి ఒక ఫారం ఇచ్చారు. పాత జబ్బుల వరుసలో థైరాయిడ్ దగ్గర రెండు గళ్లున్నాయి: ఒకటి హైపో, ఇంకోటి హైపర్. "అత్తయ్యా, మీకు ఏ థైరాయిడ్?" అని అడిగితే, "థైరాయిడ్ అంటే థైరాయిడే కదమ్మా! పొద్దున్నే పరగడుపున చిన్న మాత్ర వేసుకుంటాను" అన్నారు. జబ్బంటే ఏదో ఎక్కువయ్యే కదా వచ్చేది అనుకుని హైపర్ దగ్గర టిక్కు పెట్టేశాను. నర్సు మందుల సంచీలోంచి డబ్బా తీసి, దాని మీద లీవోథైరాక్సిన్ అని ఉండటం చూసి ఆగింది. "ఇది హైపోకి వాడేది కదా?" అంది. నా ముఖం చిన్నబోయింది. ఇంగ్లిష్ మీడియంలో చదువుకున్నదాన్ని మరి!

హైపో అంటే తక్కువ, హైపర్ అంటే ఎక్కువ. తేడా అంతే, కానీ వైద్యం పూర్తిగా తిరగబడుతుంది. హైపోథైరాయిడ్‌లో గ్రంథి చాలినంత హార్మోను తయారుచేయదు. నీరసం, ఒళ్లు పెరగడం, చలికి తట్టుకోలేకపోవడం ఉంటాయి. లోటు పూడ్చడానికి మాత్ర ఇస్తారు. హైపర్‌లో హార్మోను అతిగా వస్తుంది. గుండె దడ, చెమటలు, బరువు తగ్గడం కనిపిస్తాయి. దాన్ని తగ్గించడానికి మందు ఇస్తారు. ఒకరి మందు ఇంకొకరికి పడితే మేలు జరగకపోగా హాని జరుగుతుంది. మన ఇళ్లలో మాత్రం "థైరాయిడ్ ఉంది", "బీపీ ఉంది", "షుగర్ ఉంది" అంటే సరిపోతుంది. బీపీ ఉందంటే ఎక్కువ ఉన్నట్టేనని మనకి చెప్పకుండానే తెలుసు. ఇక్కడి ఫారాల్లో అది హైపర్‌టెన్షన్. హైపోటెన్షన్ అని రాస్తే రక్తపోటు పడిపోయే మనిషి అయిపోతారు.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది షుగర్ విషయంలో. హైపోగ్లైసీమియా అంటే షుగర్ పడిపోవడం. మామూలుగా 70 కన్నా కిందికి దిగితే ఆ మాట వాడతారు. చేతులు వణకడం, చెమట పట్టడం, తికమకపడటం దాని గుర్తులు. స్పృహలో ఉండి మింగగలిగితే వెంటనే పళ్లరసమో చక్కెర నీళ్లో ఇస్తారు. హైపర్‌గ్లైసీమియా అంటే షుగర్ బాగా పెరిగిపోవడం, అప్పుడు ఆ పళ్లరసమే కీడు చేస్తుంది. 911కి ఫోన్ చేసినప్పుడు కంగారులో ఇంత పొడుగు మాట నోరు తిరగకపోతే మానేయండి. "షుగర్ లో" అనో "షుగర్ హై" అనో అంటే వాళ్లకి అర్థమవుతుంది. మీటరు మీద కనిపించే అంకె చెబితే ఇంకా మంచిది. ఇండియాలోనూ ఇక్కడా కొలత ఒకటే.

మందుల పేర్లలోనూ ఈ బెడద ఉంది. హైడ్రాక్సిజీన్ దురదకీ అలర్జీకీ ఇస్తారు, హైడ్రాలజీన్ బీపీకి. రెండూ 25 మిల్లీగ్రాముల మాత్రలుగా దొరుకుతాయి. ఇలాంటి జంటల్ని తేలిగ్గా పోల్చుకోవడానికి, పేరు మధ్యలో తేడా ఉన్న అక్షరాలను పెద్ద బడిలో రాయమని ఇక్కడి ఎఫ్‌డీఏ సూచించింది. సీసా మీద అలా కనిపిస్తే అచ్చుతప్పు అనుకోకండి.

అసలు మనం ఎందుకు తడబడతాం? తెలుగులో పలికినట్టే రాస్తాం, రాసినట్టే పలుకుతాం. ఇంగ్లిష్‌లో ఆ భరోసా లేదు. ప్రిన్సిపల్ అనే మాటే చూడండి. తెలుగులో ఒకే రకంగా రాస్తాం, ఇంగ్లిష్‌లో అవి రెండు మాటలు. చివర పీ, ఎల్, ఈ ఉంటే సూత్రం, సిద్ధాంతం. పీ, ఏ, ఎల్ ఉంటే బడి పెద్ద. ఇంటి లోను కాగితంలో వడ్డీ పక్కన కనిపించే ప్రిన్సిపల్ కూడా ఇదే, మన భాషలో అసలు. గ్రీన్ కార్డు కాగితాల్లో ప్రిన్సిపల్ అప్లికెంట్ అన్నా ఇదే, ఎవరి పేరు మీద కేసు నడుస్తోందో వాళ్లు.

కాగితాల మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. యూఎస్‌సీఐఎస్ డాలస్ ఫీల్డ్ ఆఫీసు ఉన్నది మా ఇర్వింగ్‌లోనే, కాబట్టి పౌరసత్వం ఇంటర్వ్యూ అంటే చుట్టుపక్కల ఊళ్ల వాళ్లూ ఇక్కడికే వస్తారు. వాళ్లలో చాలామందిని క్యాపిటల్ భయపెడుతుంది. చివర ఏ, ఎల్ ఉంటే రాజధాని, ఓ, ఎల్ ఉంటే చట్టసభ భవనం. ఆస్టిన్ టెక్సస్ రాజధాని, 1888లో పూర్తయిన అక్కడి భవనం క్యాపిటల్. రాత పరీక్షలో అర్థం చెడనంత చిన్న స్పెల్లింగ్ తప్పుకి ఫెయిల్ చేయరు, కాబట్టి దీని కోసం నిద్ర మానుకోనక్కర్లేదు.

ఎమిగ్రేషన్, ఇమ్మిగ్రేషన్ మాత్రం తెలుసుకోవాలి. దేశం విడిచి వెళ్లడం మొదటిది, దేశంలోకి వచ్చి స్థిరపడటం రెండోది. గల్ఫ్ వెళ్లే కరీంనగర్, నిజామాబాద్ కుటుంబాలకి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర బాగా తెలుసు. అందులో ఈ అంటే ఎమిగ్రేషన్. అదే మాటకి ముందు నాన్ చేరిస్తే కథే మారిపోతుంది. హెచ్1బీ కోసం కంపెనీ వేసే ఐ-129 నాన్‌ఇమ్మిగ్రెంట్ పిటిషన్, గ్రీన్ కార్డు కోసం వేసే ఐ-140 ఇమ్మిగ్రెంట్ పిటిషన్. మొదటిది అప్రూవ్ అయిందన్న కబురుకే స్వీట్లు పంచిన ఇల్లు నాకు తెలుసు.

ఇక పేరోల్, పెరోల్. జీతాల లెక్క చూసేది పేరోల్. పెరోల్ మూలం ఫ్రెంచిలో మాట అనే అర్థమిచ్చే పదం, తిరిగి వస్తానని ఖైదీ ఇచ్చే మాట. గ్రీన్ కార్డు దరఖాస్తు పెండింగులో ఉన్నవాళ్లు ఊరెళ్లి రావడానికి ఐ-131 ఫారం మీద తీసుకునే అనుమతి అడ్వాన్స్ పెరోల్. దానికీ జైలుకీ సంబంధం లేదు. మా పక్కింటి కుర్రాడు ఈ కాగితం చేతికి రాగానే, "అమ్మా, పెరోల్ వచ్చింది, వచ్చే నెల వస్తున్నా" అని గుంటూరుకి ఫోన్ చేశాడు. తెలుగు పేపర్లలో ఆవిడ ఆ మాట చదివింది ఖైదీల వార్తల్లోనే. అవతల ఒక్క క్షణం చప్పుడు లేదు. తర్వాత గొంతు తగ్గించి, "ఏం చేశావురా?" అని అడిగిందట.