బరాత్ బండి కదిలే ముందు... మూడో పిన్ను ఉందా?

పాతబస్తీలో పెళ్లంటే బరాత్ ఉండాల్సిందే. శాలిబండ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏ గల్లీలో చూసినా ముందు మర్ఫా, వెనక బ్యాండు, ఆ వెనక జనరేటర్ బండి. దానికి కట్టిన వైర్ల వెంట లైట్లు మోసేవాళ్లు. బోనాలప్పుడు లాల్‌దర్వాజాలోనూ ఇదే సందడి. మరి ఆ ఆంప్లిఫైయరు, మైకులు, ఎక్స్‌టెన్షన్ బాక్సులు లీకేజీ ఇస్తున్నాయో లేదో చివరిసారి ఎవరు చూశారు? నేను అడిగిన చోటల్లా ఒకటే జవాబు: "నడుస్తుంది గదా అన్నా!"

నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చదివింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్. ఆఫీసులో కోడ్ ఒక్క లైను మార్చినా టెస్ట్ చేయకుండా బయటికి పోనివ్వరు. అక్కడ ఫెయిలైతే యాప్ ఆగుతుంది, అంతే. ఇక్కడ ఫెయిలైతే మనిషి పోతాడు.

2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. అదే వారంలో బండ్లగూడలో వినాయక విగ్రహం తీసుకెళ్తుండగా హైటెన్షన్ తీగ తగిలి ఇద్దరు యువకులు పోయారు. అప్పట్నుంచి అందరం తల పైకెత్తి తీగలు చూస్తున్నాం. కింద, కాళ్ల దగ్గరున్న బోర్డును మాత్రం చూడట్లేదు.

మైకు కూడా ప్రాణం తీస్తుంది. 1972 మే 3న బ్రిటన్‌లోని స్వాన్సీలో, 'స్టోన్ ది క్రోస్' బృందం గిటారిస్టు లెస్ హార్వే సరైన ఎర్త్ లేని మైకును తాకి వేదిక మీదే కుప్పకూలిపోయాడు.

"ఎంసీబీ ఉంది కదా, పడిపోతుందిలే" అనుకుంటాం. ఎంసీబీ కాపాడేది వైరును, మనిషిని కాదు. 6 ఆంపియర్ల ఎంసీబీ 6 ఆంపియర్లు దాటితేనే పడుతుంది. చెమట పట్టిన ఒంట్లోంచి 230 వోల్టుల దగ్గర పోయేది దాదాపు 0.2 ఆంపియరు. గుండె ఆగడానికి అది చాలు! ఎంసీబీకి ఆ సంగతే తెలియదు. 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే సరఫరా ఆపేది ఆర్‌సీసీబీ. అది మీ బోర్డులో ఉందా?

ఇక ఎర్త్ సంగతి. త్రీపిన్ ప్లగ్గులో పైనుండే పిన్ను మిగతావాటికన్నా పొడుగ్గా, లావుగా ఉంటుంది. ముందు ఎర్త్ కలవాలి, చివర్లో విడిపోవాలి అనే అలా చేశారు. ఒక బ్యాండు కుర్రాడు నాతో అన్నాడు: "గా పిన్ను ఉంటె బోర్డుల పట్టదన్నా, అందుకే పీకేసినం." పీకేసింది పిన్ను కాదు తమ్మీ, నీ రక్షణ!

బయల్దేరే ముందు ఏం చూడాలి?

మొదట కళ్లతో చూడండి. టేపు చుట్టిన అతుకులు, కాలిన ప్లగ్గులు, ప్లగ్గు లేకుండా సాకెట్లో దోపిన వైర్లు ఉంటే పక్కన పడేయండి. తర్వాత, కరెంటు తీసేసి, మల్టీమీటర్‌తో ప్లగ్గు ఎర్త్ పిన్నుకీ ఆంప్లిఫైయర్ ఇనుప బాడీకీ మధ్య చూడండి. రీడింగ్ ఒక ఓమ్ లోపు రావాలి. ఇన్సులేషన్‌ని మెగ్గర్‌తో ఎలక్ట్రీషియన్ చూడాలి. ఒక మెగాఓమ్‌కి తగ్గితే ఆ సామాను వాడొద్దు.

జనరేటర్‌తో ఇంకో చిక్కుంది. చిన్న జనరేటర్లలో చాలావాటికి న్యూట్రల్ బాడీకి కలిపి ఉండదు. అప్పుడు ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కితే పడుతుంది గానీ, అసలు లీకేజీకి పడకపోవచ్చు. ఆ కనెక్షన్ లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించాలి.

బ్రిటన్‌లో 1989 నాటి నిబంధనల ప్రకారం పని చేసేచోట విద్యుత్ సామాను సురక్షితంగా ఉంచాల్సిందే. ఏటా పరీక్షించి స్టిక్కర్ అంటించాలని వాటిలో రాసి లేదు. అయినా అక్కడి డీజేలు చాలామంది చేయిస్తారు. ఎందుకంటే ఫంక్షన్ హాళ్లవాళ్లు సర్టిఫికెట్ అడుగుతారు. అడిగేవాళ్లుంటేనే పరీక్ష జరుగుతుంది.

మల్టీమీటర్, ఆర్‌సీసీబీ రెండూ మూసీ దాటితే ట్రూప్‌బజార్‌లో దొరుకుతాయి. పెళ్లి ఖర్చులో అదో లెక్కే కాదు. కాబట్టి బ్యాండుకు అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు రేటుతో పాటు ఇంకో మాట కూడా అడగండి: "అన్నా, సామాను చెక్ చేయించినవా?"