అతుకు తెలియని పాట

మా పూర్వ విద్యార్థుల్లో ఒకరు ఇంటి నుంచి ఒక పాత క్యాసెట్టు తెచ్చారు. అందులో వాళ్ల అమ్మ పాడిన ఊడ్పు పాటలున్నాయి. ఆమె ఇప్పుడు లేదు. ప్లేయర్‌లో పెట్టగానే టేపు చుట్టుకుపోయి పుటుక్కున తెగింది. అందరికీ నోట మాట రాలేదు. దాన్ని అతికించే దారి వెతుకుతుంటే, ఒకప్పుడు టేపును కోసి, అతికి పాటలు తయారుచేసినవారి కష్టం ఎంతటిదో తెలిసింది. అది తమ్ముళ్లకు చెప్పాలనే ఈ వ్యాసం.

టేపంటే ప్లాస్టిక్ రిబ్బను మీద పూసిన ఇనుప ఆక్సైడు పొడి. శబ్దం ఆ పొడిలో అయస్కాంత గుర్తులుగా నిలుస్తుంది. 1928లో జర్మనీలో ఫ్రిట్జ్ ఫ్లాయిమర్ కాగితపు పట్టీతో దీనికి దారి వేశారు. 1935లో బెర్లిన్ ప్రదర్శనలో మాగ్నెటోఫోన్ అనే టేపు యంత్రాన్ని జనం చూశారు. మన వైపు ఆకాశవాణి కేంద్రాలు విజయవాడలో 1948లో, విశాఖపట్నంలో 1963లో మొదలయ్యాయి. అనకాపల్లిలో మన పెద్దలు రేడియోలో విన్న లలిత గీతాలు, నాటికలు ఎన్నో పావు అంగుళం వెడల్పు టేపు మీద రికార్డయినవే.

రేడియో టేపు సాధారణంగా సెకనుకు ఏడున్నర అంగుళాలు, అంటే 19 సెంటీమీటర్లు నడుస్తుంది. అరగంట కార్యక్రమానికి దాదాపు 343 మీటర్ల టేపు కావాలి. అందులో గాయకుడు దగ్గిన చోటో, తాళం తప్పిన చోటో తీసేయాలి. ఎలా?

ముందు చక్రాలను రెండు చేతులతో మెల్లగా ముందుకూ వెనక్కూ తిప్పుతారు. పాట మూలుగులా, గురకలా వినిపిస్తుంది. ఆ గురకలోనే మృదంగం దెబ్బ ఎక్కడ మొదలైందో పట్టుకోవాలి. అక్కడ టేపు వెనక వైపు మైనపు పెన్సిల్‌తో గీత పెడతారు. గాడి ఉన్న లోహపు దిమ్మలో టేపును కూర్చి, బ్లేడుతో ఏటవాలుగా కోస్తారు. నిలువుగా కోస్తే అతుకు దగ్గర టక్కుమనే ప్రమాదం ఉంది. 45 డిగ్రీల వాలులో కోస్తే ఒక శబ్దం తగ్గుతూ, రెండోది పెరుగుతూ కలుస్తాయి. ఆ కలయిక పట్టే సమయం సెకనులో ముప్పయ్యో వంతు! తర్వాత రెండు కొసలూ ఒకదానిపై ఒకటి ఎక్కకుండా, సందు లేకుండా చేర్చి, వెనక ప్రత్యేకమైన అతుకు పట్టీ వేసి గోటితో రుద్దుతారు. బ్లేడుకు అయస్కాంత గుణం అంటినా అతుకు దగ్గర చప్పుడు వస్తుంది.

చరణానికి ముందు గాయని తీసుకునే ఊపిరిని కోసేస్తే పాట ప్రాణం పోయినట్టుంటుంది. అందుకే ఎక్కడ కోయాలో తెలిస్తే చాలదు, ఎక్కడ కోయకూడదో కూడా తెలియాలి. తీసేసిన ముక్కలను పని పూర్తయ్యేదాకా పారేయరు. తప్పు కోస్తే మళ్లీ అవే దిక్కు.

ఈ పనిలో పేరుపొందిన ఉదాహరణ ఒకటి ఇంగ్లండులో ఉంది. 1966లో బీటిల్స్ బృందం ఒకే పాటను వేర్వేరు వేగాల్లో, వేర్వేరు శ్రుతుల్లో పాడి, రెండూ కలపమంది. జార్జ్ మార్టిన్, జెఫ్ ఎమెరిక్ టేపుల వేగాన్ని సరిచేసి రెంటినీ ఒకే శ్రుతికి తెచ్చి అతికారు. 1967లో విడుదలైన ఆ పాటే స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్. చెప్పేదాకా చాలామందికి ఆ అతుకు తెలియదు.

మన క్యాసెట్టు సంగతి వేరు. దాని టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా లేదు. సెకనుకు నడిచేది 4.76 సెంటీమీటర్లే. పైగా ఒకే టేపు మీద రెండు వైపుల పాటలూ ఉంటాయి. ఒక వైపు కోస్తే రెండో వైపూ తెగుతుంది. అంగుళం పోతే అర సెకను గొంతు పోయినట్టే.

అందుకే మేము నలిగిన కొసను వీలైనంత తక్కువ కత్తిరించాం. మొదట మామూలు సెల్లో టేపు వేయబోతే, రేడియోలు బాగుచేసే ఒక తాత ఆపాడు. "దాని జిగురు కారి పక్క చుట్టకి అంటుకుంటాది బాబూ" అన్నాడు. ఆయనిచ్చిన సన్నటి అతుకు పట్టీని, హెడ్డును తాకని వైపు వేశాం. క్యాసెట్టు తిరిగింది. ఒక మాట సగం పోయింది గానీ అమ్మ గొంతు వచ్చింది. వెంటనే కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నాం.

మన ఇళ్లల్లో పాటలు పాడిన అమ్మమ్మల పేర్లు ఏ రికార్డు మీదా అచ్చు కాలేదు. కొందరి గొంతు అటక మీది ఒక్క క్యాసెట్టులోనే ఉండొచ్చు. తమ్ముళ్లూ, ఈసారి సెలవులకు ఇంటికెళ్లినప్పుడు వెతకండి. దొరికితే దాని మీద వేరే పాట రికార్డు చేయకండి, ఎండలో పెట్టకండి, తెగితే పారేయకండి. టేపును అతికించవచ్చు. పోయిన గొంతును తేలేము.