ట్రాక్టర్ లాగడానికి పాత ట్రక్కు: కొనే ముందు చూడాల్సిన లెక్కలు

అమెరికాలో, ముఖ్యంగా మా టెక్సాస్ వైపు, పదెకరాలో ఇరవై ఎకరాలో భూమి కొనుక్కున్న మనవాళ్ళు ఈమధ్య నన్ను ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "అన్నా, ట్రాక్టర్ వచ్చేసింది, ట్రైలర్ కూడా తీసుకున్నా. లాగడానికి ఒక సెకండ్ హ్యాండ్ ట్రక్కు చెప్పు. ఇంట్లో ఉన్న ఎఫ్-150 చాలదా?"

చాలుతుందో లేదో నేను చెప్పడం కాదు, లెక్క చెప్పాలి. అందుకని ఈ ఎపిసోడ్‌లో ట్రక్కు కంపెనీ పేరుతో మొదలుపెట్టను. బరువుతో మొదలుపెడతాను.

మీది 75 హార్స్ పవర్ ట్రాక్టర్ అనుకుందాం. ఒట్టి ట్రాక్టర్ సుమారు 6,000 పౌండ్లు. ముందు లోడర్, బకెట్ కలిపి 1,200. వెనక గడ్డి కోసే బుష్ హాగ్ 900. వెనక టైర్లలో పట్టు కోసం నీళ్ళలాంటి ద్రవం నింపించారా? గ్యాలన్ నీళ్ళు 8 పౌండ్ల పైచిలుకు. టైరుకి 50 గ్యాలన్ల చొప్పున రెండు టైర్లకి 800 దాటుతుంది. ట్రైలర్ ఖాళీ బరువు 3,800. గొలుసులు, డీజిల్ డబ్బా, పనిముట్లు కూడా వేసుకుంటే మొత్తం 13,000 పౌండ్లు. "ట్రాక్టర్ ఆరు వేలే కదా" అనుకుని బయల్దేరినవాళ్ళు నిజానికి దానికి రెట్టింపు పైగా లాగుతున్నారన్నమాట.

ఇప్పుడు రెండో లెక్క. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. ప్రకటనలో "11,000 పౌండ్లు లాగుతుంది, 13,000 లాగుతుంది" అని ఉంటుంది. అది ట్రక్కు లాగగలిగే బరువు. ట్రక్కు మోయగలిగే బరువు వేరే. దాన్నే పేలోడ్ అంటారు. మన ఊళ్ళో ఎడ్లబండి తోలినవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు. బరువు బండిలో మరీ ముందుకు వేస్తే కాడి ఎద్దుల మెడ మీద కూర్చుంటుంది. మరీ వెనక్కి వేస్తే కాడి పైకి లేస్తుంది. ట్రైలర్ కూడా అంతే. మామూలు బాల్ హిచ్ ట్రైలర్ అయితే మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ట్రక్కు వెనక భాగం మీద పడాలి. అంతకన్నా తక్కువ పడితే హైవే మీద ట్రైలర్ పాములా ఊగడం మొదలుపెడుతుంది. 65 మైళ్ళ స్పీడులో ఆ ఊపు మొదలైందంటే ట్రైలర్ ట్రక్కుని కూడా తిప్పేస్తుంది. పక్క లేన్‌లో వెళ్తున్న కుటుంబం ప్రాణాలు కూడా మన లెక్క మీదే ఉన్నాయండి.

మన 13,000లో 12 శాతం అంటే 1,560 పౌండ్లు. దానికి డ్రైవరుతో కలిపి నలుగురు మనుషులు, ఒక 600. టూల్ బాక్స్, హిచ్ సామాను ఇంకో 150. మొత్తం 2,310. ఇప్పుడు మీ ఎఫ్-150 డ్రైవర్ తలుపు తెరవండి. పక్కన స్తంభం మీద పసుపు రంగు గీత ఉన్న స్టిక్కర్ ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఎంతకి మించకూడదో ఆ బండికే ప్రత్యేకంగా రాసి ఉంటుంది. హాఫ్ టన్ను ట్రక్కుల్లో అది చాలావాటికి 1,400 నుంచి 2,000 మధ్యలో ఉంటుంది. అంటే ఇంజిన్ లాగుతుంది గానీ వెనక ఇరుసు, స్ప్రింగులు, టైర్లు మోయలేవు. పైగా లాగడం ఒక ఎత్తు, ఆపడం ఒక ఎత్తు. కాబట్టి ఈ బరువుకి ఎఫ్-150, సిల్వరాడో 1500, రామ్ 1500 పక్కన పెట్టేయండి.

తర్వాతిది ముప్పావు టన్ను, అంటే ఎఫ్-250, 2500 తరగతి. ఇక్కడ ఒక తమాషా ఉంది. డీజిల్ ఇంజిన్ బాగా బరువు. ఆ బరువు కూడా ట్రక్కు మొత్తం పరిమితిలోంచే పోతుంది. అందుకని నాలుగు తలుపుల 4x4 డీజిల్ 2500కి పేలోడ్ ఒక్కోసారి 2,000 పౌండ్ల దగ్గరే ఆగిపోతుంది. అదే ట్రక్కు పెట్రోల్ ఇంజిన్‌తో అయితే ఎక్కువ మోస్తుంది. నెలకి రెండుసార్లు, ముప్పై మైళ్ళ లోపు తీసుకెళ్ళేవాళ్ళకి ఫోర్డ్ 6.2, జీఎం 6.0, రామ్ 6.4 లాంటి పెట్రోల్ ఇంజిన్లు బాగా సరిపోతాయి. ఘాట్ రోడ్డు మీద కాస్త అరుస్తాయి, నూనె ఎక్కువ తాగుతాయి. కానీ రిపేరు ఖర్చు తక్కువ. వెనక ఇరుసు రేషియో మాత్రం అడగండి. 3.73 గానీ, అంతకన్నా పెద్దది గానీ ఉండాలి.

వారం వారం లాగేవాళ్ళకి, దూరాలు వెళ్ళేవాళ్ళకి ఒక టన్ను డీజిల్ మంచిది, అంటే ఎఫ్-350, 3500. పాత డీజిల్‌లో సంవత్సరం చాలా ముఖ్యం. ఫోర్డ్ 7.3 పవర్ స్ట్రోక్ 2003 దాకా వచ్చింది, గట్టి పిండం. ఆ తర్వాత వచ్చిన 6.0లో ఈజీఆర్ కూలర్, ఆయిల్ కూలర్, హెడ్ గాస్కెట్ సమస్యలు అందరికీ తెలిసినవే. అవి బాగుచేయించిన బిల్లులు చూపిస్తేనే మాట్లాడండి. డ్యూరామాక్స్‌లో 2001 నుంచి 2004 దాకా వచ్చిన ఎల్‌బీ7కి ఇంజెక్టర్ల గొడవ ఉంది. 2006, 2007లో వచ్చిన ఎల్‌బీజెడ్‌కి మంచి పేరు. డాడ్జ్‌లో 5.9 కమిన్స్ ఇప్పటికీ జనం వెతుక్కుని కొంటారు. 2011 నుంచి వచ్చిన ఫోర్డ్ 6.7లోనూ, 2011-16 డ్యూరామాక్స్‌లోనూ సీపీ4 అనే ఫ్యూయల్ పంపు ఉంటుంది. అది పగిలితే ఇనుప రజను ఇంజెక్టర్ల దాకా పాకుతుంది. బిల్లు 8,000, 10,000 డాలర్లు అవుతుంది. అలాగని కొనొద్దని కాదు. ఆ ఖర్చు మనసులో పెట్టుకుని బేరమాడండి.

ఇంకొక మాట. "డిలీట్ చేయించాం, మైలేజీ బాగుంటుంది" అని అమ్మేవాళ్ళు చెప్తారు. అంటే పొగ శుద్ధి చేసే ఫిల్టరు వగైరా పీకేశారని అర్థం. ఫెడరల్ క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం అది చట్టవిరుద్ధం. రేపు మీరు అమ్మాలన్నా కష్టమే. వదిలేయండి.

లైసెన్సు సంగతి చాలామందికి తెలియదు. ట్రక్కు రేటింగ్, ట్రైలర్ రేటింగ్ కలిపి 26,001 పౌండ్లు చేరి, ట్రైలర్ రేటింగ్ 10,000 దాటితే క్లాస్ ఏ లైసెన్సు లెక్కలోకి వస్తుంది. వెనక ఒక్కో చక్రం ఉన్న ఎఫ్-350 రేటింగ్ 11,500 అనుకుంటే, 14,000 ట్రైలర్‌తో కలిపి 25,500. గీత లోపలే ఉన్నారు. అదే వెనక జంట చక్రాల డ్యూయలీ, 14,000 రేటింగ్‌ది తీసుకుంటే మొత్తం 28,000. ఇక్కడ చూసేది రేటింగ్ అండి, ఆ రోజు మీరు వేసిన బరువు కాదు. రైతులకి మినహాయింపులు ఉన్నాయి, అవి మీకు వర్తిస్తాయో లేదో మీ రాష్ట్రం లైసెన్సు ఆఫీసులో ముందే కనుక్కోండి. పెద్దది ఉంటే మంచిదే కదా అని డ్యూయలీకి ఎగబడక్కర్లేదు.

ఇక బండి చూడ్డానికి వెళ్ళినప్పుడు. ముందే ఫోన్ చేసి ఇంజిన్ వేడి చేయొద్దని చెప్పండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయ్యే తీరులోనే సగం జబ్బులు బయటపడతాయి. కింద పడుకుని ఛాసిస్ చూడండి. మంచు పడే రాష్ట్రాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, దాంతో ఇనుము పొరలు పొరలుగా లేచిపోతుంది. అలాంటిది ఎంత చవకైనా వద్దు. గేర్ బాక్స్ ఆయిల్ మాడు వాసన వస్తే ఆ బండి మితిమీరి లాగిందని అర్థం. హిచ్ రిసీవర్ మీద ఇంకో స్టిక్కర్ ఉంటుంది, దాని పరిమితి కూడా మన 13,000కి సరిపోవాలి. అన్నిటిలోకీ తక్కువ అంకె ఏదో అదే మీ అసలు పరిమితి. టైరు మీద చివరి నాలుగు అంకెలు అది తయారైన వారం, సంవత్సరం. 2318 అంటే 2018లో 23వ వారం. గీతలు ఎంత కొత్తగా కనిపించినా అంత పాత టైరు మీద ఈ బరువు పెట్టకండి. ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ ఉందా, పని చేస్తుందా చూడండి. నంబరు కొట్టి రీకాల్స్ ఏమైనా మిగిలాయేమో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు.

కొన్నాక ఒక పని తప్పకుండా చేయండి. ట్రాక్టర్ ఎక్కించి, గొలుసులు బిగించి, దగ్గర్లో ఉన్న ట్రక్ స్టాప్‌లో తూకం వేయించండి. కొద్ది డాలర్లతో అయిపోతుంది. ఏ ఇరుసు మీద ఎంత పడుతోందో కాగితం మీద ఇస్తారు. ఎక్కువ తక్కువలుంటే ట్రాక్టర్‌ని ఒక అడుగు ముందుకో వెనక్కో జరిపి మళ్ళీ తూయించండి. కుదిరిన చోట ట్రైలర్ మీద పెయింటుతో గుర్తు పెట్టుకోండి. తర్వాత ప్రతిసారీ చక్రం ఆ గుర్తు మీదే నిలపండి.

మీ ట్రాక్టర్ మోడల్, ట్రైలర్ ఖాళీ బరువు, తలుపు స్టిక్కర్ మీది అంకె, ఈ మూడూ రాసుకుని ఈ లెక్క మీరే ఒకసారి వేసి చూడండి. అప్పుడు అమ్మేవాడు ఏం చెప్పినా మీకు కంగారుండదు.