ఏ ఆకు పచ్చిగా, ఏ ఆకు ఎండుగా?

జంషెడ్‌పూర్‌లో సాక్చి బజారుకో కద్మా మార్కెట్‌కో కూరలకు వెళ్తే ఆకులు రెండు రూపాల్లో కనిపిస్తాయి. ఒకవైపు నీళ్లు చల్లిన కొత్తిమీర, పుదీనా కట్టలు, కరివేపాకు రెబ్బలు. మరోవైపు తేజ్‌పత్తా, కసూరి మేథి, చుట్టుపక్కల పల్లెల ఆదివాసీ మహిళలు ఎండబెట్టి తెచ్చే ఆకుకూరలు. పచ్చిదే మంచిది, ఎండుది గతిలేనప్పుడు సరిపెట్టుకునేది అన్న అభిప్రాయం మనలో బాగా నాటుకుంది. అది సగమే నిజం. ఆకు రుచి ఏ పదార్థంలో ఉంది, నీరు ఆరిపోతుంటే ఆ పదార్థం నిలుస్తుందా ఎగిరిపోతుందా అన్నదే అసలు ప్రశ్న.

కొత్తిమీర ఘుమఘుమకు ప్రధాన కారణం డెకనాల్, డెసినాల్ వంటి ఆల్డిహైడ్లు. ఎండేకొద్దీ ఇవి ఆవిరవుతాయి, గాలి తగిలి మారిపోతాయి. చివరికి గడ్డి వాసన మిగులుతుంది. అదే మొక్క కాయ కట్టాక లెక్క మారుతుంది. పచ్చికాయలో ఆకు వాసనే ఉన్నా, ముదిరి ఎండేసరికి ఆల్డిహైడ్లు తగ్గి లినలూల్ పెరుగుతుంది. అది కాయ లోపలి నూనె నాళాల్లో భద్రంగా ఉంటుంది కాబట్టే ధనియాలు నెలల తరబడి నిలుస్తాయి. ఇక కరివేపాకును వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి, సూదిమొనంత చుక్కలు మెరుస్తాయి. నిమ్మ కుటుంబపు ఆకులన్నిటిలో ఉండే నూనె గ్రంథులవి. ఆకు ఎండితే ఆ పరిమళంలో చాలా భాగం పోతుంది. మరి కరివేపాకు పొడి మాటేమిటంటారా? అందులో దోసిళ్లకొద్దీ ఆకు పడుతుంది, పైగా పప్పులు, ఎండుమిర్చి వేగినప్పుడు పుట్టే వాసనలు దానికి తోడవుతాయి. చారు తాలింపులో పచ్చి రెబ్బ చేసే పని ఆ పొడి చేయలేదు.

తేజ్‌పత్తా సంగతి వేరు. లవంగంలో ఉండే యూజెనాలే ఇందులోనూ ముఖ్యం. దాని మరుగు స్థానం 250 డిగ్రీల సెల్సియస్ పైమాటే, ఆకూ దళసరి, కాబట్టి ఎండినా వాసన నిలుస్తుంది. కొనేటప్పుడు ఈనెలు చూడాలి: మన తేజ్‌పత్తాకు తొడిమ దగ్గర నుంచి మూడు ఈనెలు నిలువునా సాగుతాయి, విదేశీ బే ఆకుకు నడి ఈనె ఒక్కటే. వాటి రుచులూ ఒకటి కావు.

పులుపుది ఇంకో దారి. ఆమ్లాలు గాలిలో కలిసిపోవు. మర్రి, రావి జాతికే చెందిన ఫుట్కల్ చెట్టు లేత చిగుళ్లను ఝార్ఖండ్ ఇళ్లలో ఎండబెట్టి, ఏడాది పొడవునా పచ్చడికీ గంజికీ వాడతారు. మనవాళ్లు చింతచిగురును ఎండబెట్టి దాచుకోవడమూ ఇలాంటిదే. చింతచిగురును దాచిన ఇల్లాలే కొత్తిమీరను మాత్రం ఏ పూటకాపూట తెప్పించుకుంటుంది. ఏది నిలుస్తుందో ఏది పోతుందో అనుభవం మీద తెలుసుకున్న ఈ జ్ఞానం నాకెంతో విలువైనదిగా తోస్తుంది.

ఎండిస్తే పోషకాలు పోవా అన్న అభ్యంతరం న్యాయమైనదే. విటమిన్ సి చాలావరకు నశిస్తుంది. ఇనుము, కాల్షియం వంటి ఖనిజాలు మాత్రం ఎక్కడికీ పోవు. పరిమళం కోసం చిటికెడు వేసే ఆకులో విటమిన్ల లెక్క ఎలాగూ స్వల్పమే. పిడికెళ్లకొద్దీ తినే ఆకుకూరల్లో అయితే అది పట్టించుకోవలసిన నష్టమే. ఎండుది ఎంత పాతదో ఎవరికి తెలుసు అన్న అనుమానానికి ముక్కే జవాబు చెబుతుంది. కసూరి మేథిని వేళ్ల మధ్య నలిపితే మెంతుల వాసన గుప్పుమనాలి. రంగు వెలిసి, నలిపినా వాసన రాకపోతే అది ఎక్కువ ఎండ తగిలినదో నిల్వ ఉన్నదో అయి ఉంటుంది. మెత్తబడి వంగుతుంటే చెమ్మ పట్టినట్టే, బూజుకు అదే మొదలు. అందుకే వానాకాలంలో ఎండు ఆకులను కొద్దికొద్దిగా కొని, గాలి చొరని సీసాలో వెలుతురు తగలకుండా ఉంచాలి.