పెద్ద దుంగకు ఏ రంపం?

పిల్లలూ! మాంసం కొట్టులో ముక్కలు కొట్టే మొద్దును ఎప్పుడైనా గమనించారా? మన ఊళ్ళలో అది చాలావరకు చింత మొద్దే అయి ఉంటుంది. రోజూ వందలసార్లు కత్తి దెబ్బ పడినా అది చీలిపోదు. చింత కలపలోని పోగులు నిటారుగా ఉండక ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉండటమే ఇందుకు కారణం. మరి కత్తికే లొంగని ఈ కలపను, అదీ మూడడుగుల మందం ఉన్న దుంగను, అడ్డంగా కోయాలంటే ఎలాంటి రంపం కావాలి?

ఇది వడ్రంగులకు మాత్రమే సంబంధించిన ప్రశ్న అనుకోకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు వేలాది చెట్లు కూలి రోడ్లకు అడ్డంగా పడ్డాయి. అలాంటప్పుడు అంబులెన్సు ముందుకు కదలాలంటే మొదట దుంగ తొలగాలి. చేతి రంపంతో గంటల తరబడి పట్టే పనిని గొలుసు రంపం నిమిషాలలో చేస్తుంది. అయితే తగని రంపాన్ని ఎంచుకుంటే పని సాగకపోగా, పట్టుకున్న మనిషి ప్రాణానికే ముప్పు. కాబట్టి ఈ ఎంపిక వెనుక ఉన్న విజ్ఞానాన్ని తెలుసుకుందాం.

గట్టి కలప అంటే ఏది?

వృక్షశాస్త్రం ప్రకారం దేవదారు, పైన్ వంటి చెట్ల కలప మెత్తని కలప. టేకు, చింత, మామిడి, వేప వంటి వెడల్పాటి ఆకుల చెట్లది గట్టి కలప. కాని ఈ విభజన రంపానికి పనికిరాదు! ఎందుకంటే గోటితో నొక్కితే గుంట పడే బాల్సా కలప కూడా శాస్త్రం లెక్కలో గట్టి కలపే. మన బూరుగు కూడా అంతే.

రంపానికి తెలిసేది సాంద్రత. ఎండిన టేకు కలప ఒక ఘనమీటరు సుమారు 650 కిలోలు తూగుతుంది. అంటే నీటి మీద తేలుతుంది. ఎర్రచందనం చేవ నీటిలో మునుగుతుంది. అంటే ఒక ఘనమీటరు 1,000 కిలోలకు పైనే అన్నమాట. అదే జాగాలో ఎక్కువ పదార్థం ఉంటే, దాన్ని తెంచడానికి ఎక్కువ శక్తి కావాలి గదా!

సాంద్రత ఒక్కటే చాలదు. టేకులో సిలికా ఉంటుంది. ఇసుకలో ఉండే పదార్థమే ఇది. అందువల్ల టేకు మరీ బరువైన కలప కాకపోయినా రంపపు పళ్ళను త్వరగా మొద్దుబారుస్తుంది. చెట్టు పచ్చిగా ఉన్నప్పటికంటే ఎండిన తరువాత కోత మరింత కష్టం.

పురుగు నేర్పిన పాఠం

గొలుసు రంపంలో ఒక ఇంజను, దానికి ముందు పొడవాటి ఉక్కు పట్టీ, ఆ పట్టీ అంచు చుట్టూ తిరిగే పళ్ళ గొలుసు ఉంటాయి. ఈ పట్టీనే గైడ్ బారు అంటారు. జర్మనీలో ఆండ్రియాస్ స్టిల్ 1926లో విద్యుత్తుతో, 1929లో పెట్రోలుతో నడిచే గొలుసు రంపాలను తయారు చేశాడు. అవి చాలా బరువుగా ఉండేవి. ఇద్దరు మనుషులు చెరొక వైపు పట్టుకోవలసి వచ్చేది. పళ్ళు కూడా చేతి రంపపు పళ్ళలాగే కలపను గీకేవి.

అమెరికాలోని ఒరిగాన్ రాష్ట్రంలో జోసెఫ్ కాక్స్ అనే కలప కోత పనివాడు ఉండేవాడు. 1946లో అతడు ఒక మొద్దులో పెంకుపురుగు డింభకం కలపను తొలుచుకుంటూ పోవడం చూశాడు. అది పోగుల వెంట ఎంత సులువుగా పోతోందో, పోగులకు అడ్డంగానూ అంతే సులువుగా పోతోంది! దాని రెండు దవడలు కుడి ఎడమలకు వంపు తిరిగి ఉన్నాయి. అదే పద్ధతిలో కుడికి ఒకటి, ఎడమకు ఒకటి వంపు తిరిగిన పళ్ళతో అతడు గొలుసు తయారు చేశాడు. నేటి గొలుసులన్నిటికీ మూలం అదే.

ఈ పన్ను వడ్రంగి చిత్రికలా పనిచేస్తుంది. చిత్రికలో ఉలి కొంచెం మాత్రమే బయటికి ఉంటుంది. అందుకే పలుచని పొర లేస్తుంది. గొలుసులో ప్రతి పన్ను ముందూ ఒక చిన్న బుడిపె ఉంటుంది. అది పన్ను కంటే అర మిల్లీమీటరు పైచిలుకు తక్కువ ఎత్తులో ఉండి, పన్ను అంతకంటే లోతుకు దిగకుండా అడ్డుకుంటుంది. పళ్ళు పదునుగా ఉంటే చిన్న చిన్న రేకుల్లాంటి పెళ్ళలు రాలుతాయి. మెత్తని పొడి రాలుతోందంటే ఆకురాయి పట్టే వేళ అయిందని గుర్తు.

ముందు దుంగను కొలవాలి

రంపం కొనేవారు మొదట చూడవలసింది దుకాణాన్ని కాదు, దుంగను! దాని చుట్టూ తాడు చుట్టి, ఆ తాడు పొడవును 3.14తో భాగించండి. తాడు 283 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి. దుంగ వ్యాసం 90 సెంటీమీటర్లు, అంటే దాదాపు మూడడుగులు.

దీన్ని ఒక్క వైపు నుంచే కోయాలంటే బారు పొడవు 36 అంగుళాలకు తగ్గకూడదు. రెండు వైపుల నుంచి కోస్తే 24 అంగుళాల బారు సరిపోతుంది. చెరొక వైపు నుంచి 60 సెంటీమీటర్ల చొప్పున లోపలికి పోతే రెండు కోతలూ మధ్యలో కలుస్తాయి గదా. అయితే రెండు కోతలూ ఒకే గీత మీద కలిసేలా కోయడానికి చేతికి అనుభవం ఉండాలి.

ఇక్కడ చిన్న లెక్క చూడండి. వ్యాసం రెట్టింపయితే కోత పని ఎంత పెరుగుతుంది? రెట్టింపు కాదు, నాలుగు రెట్లు! 50 సెంటీమీటర్ల దుంగలో కోయవలసిన వైశాల్యం సుమారు 0.2 చదరపు మీటర్లు. 100 సెంటీమీటర్ల దుంగలో అది సుమారు 0.8 చదరపు మీటర్లు. పెద్ద గొలుసు కోసిన గాడి వెడల్పు దాదాపు ఒక సెంటీమీటరు ఉంటుంది. కాబట్టి మీటరు వ్యాసం ఉన్న టేకు దుంగను ఒక్కసారి అడ్డంగా కోస్తే 5 కిలోల పొట్టు రాలుతుంది.

ఇంజను ఎంత ఉండాలి?

బారు పొడవుగా ఉంటే చాలదు, దాన్ని నడిపే బలం కూడా ఉండాలి. పెద్ద రంపాలకు వాడే గొలుసులో ఒక పన్నుకూ తరువాతి పన్నుకూ మధ్య దాదాపు 4 సెంటీమీటర్లు ఉంటుంది. 30 సెంటీమీటర్ల దుంగలో ఒకేసారి ఏడు పళ్ళు కలపను కొరుకుతాయి. మీటరు దుంగలో అయితే 24 పళ్ళు! చిన్న ఇంజనుకు పొడవాటి బారు తగిలిస్తే ఏమవుతుందో ఇప్పుడు మీరే చెప్పగలరు. గొలుసు వేగం తగ్గుతుంది, పళ్ళు కోయడం మాని రాసుకుంటాయి, ఇంజను వేడెక్కుతుంది.

కొమ్మలు నరకడానికి 40 ఘన సెంటీమీటర్ల ఇంజను, అంటే 40 సి.సి. ఇంజను చాలు. మామూలు దుంగలకు 60 నుంచి 70 వరకు కావాలి. మూడడుగుల గట్టి దుంగలను రోజూ కోసేవారికి 90కి పైన ఉండాలి. ఒక్క మనిషి పట్టుకొని వాడే రంపాల్లో అతి పెద్దవాటిలో ఒకటైన స్టిల్ ఎంఎస్ 881 ఇంజను 121.6 సి.సి. దాని బలం 6.4 కిలోవాట్లు, అంటే సుమారు ఎనిమిదిన్నర అశ్వశక్తి. పొలంలో బోరుబావి దగ్గర ఉండే 5 హార్స్‌పవరు మోటారు కంటే ఎక్కువన్నమాట.

ఇంత బలం చేతిలో మోయదగ్గ యంత్రంలో ఎలా వచ్చింది? అది రెండు స్ట్రోకుల ఇంజను. మోటారు సైకిళ్ళలో ఉండే నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఇరుసు రెండు చుట్లు తిరిగితే ఒకసారి పెట్రోలు మండుతుంది. ఇందులో ప్రతి చుట్టుకూ మండుతుంది. కందెన నూనెను పెట్రోలులోనే కలుపుతారు. చాలా రంపాలకు లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల నూనె సరిపోతుంది. అందుచేత రంపాన్ని పక్కకు వంచినా, తలకిందులు చేసినా ఇంజను ఆగదు.

గొలుసును చూసి ఎంచాలి

ఇంజను నిమిషానికి 9,000 సార్లు, అంటే సెకనుకు 150 సార్లు తిరుగుతోందనుకోండి. పెద్ద రంపంలో ఏడు పళ్ళ చక్రం ఒక్క చుట్టు తిరిగితే గొలుసు 14 సెంటీమీటర్ల పైచిలుకు ముందుకు పోతుంది. అంటే సెకనుకు సుమారు 21 మీటర్లు. గంటకు 75 కిలోమీటర్ల పై మాటే! ఈ వేగంతో ఉక్కు మీద ఉక్కు రాసుకుంటే పుట్టే వేడిని ఊహించండి. అందుకే బారు మీదికి నూనె నిరంతరం కారుతూ ఉండాలి. బారు పొడవు పెరిగిన కొద్దీ నూనె ఎక్కువ కావాలి. కనుక పెద్ద రంపం ఎంచేటప్పుడు నూనె పంపు చాలినంత నూనె ఇస్తుందో లేదో చూడాలి.

పొడవాటి బారుకు పళ్ళు దూరదూరంగా ఉన్న గొలుసు మేలు. ఇంజను మీద భారం తగ్గుతుంది, పెళ్ళలు బయటికి రావడానికి చోటు దొరుకుతుంది. ఎండిన గట్టి కలపకూ మట్టి పట్టిన దుంగకూ పన్ను మూల కొంచెం గుండ్రంగా ఉన్న గొలుసు మంచిది. మూల సూదిగా ఉన్న పన్ను వేగంగా కోస్తుంది గాని త్వరగా మొద్దుబారుతుంది.

దుంగను నిలువుగా కోసి పలకలు తీయాలంటే వేరే గొలుసు కావాలి. అడ్డకోత పన్ను అంచు సుమారు 30 డిగ్రీల ఏటవాలుగా ఉంటే, నిలువుకోత పన్ను అంచు 10 డిగ్రీల ఏటవాలుగానే ఉంటుంది. అయినా పలకల పనికి గొలుసు రంపం పొదుపైనది కాదు. రెండున్నర సెంటీమీటర్ల పలక ఒక్కొక్కదానికి దాదాపు ఒక సెంటీమీటరు కలప పొట్టయిపోతుంది. అంటే నాలుగో వంతుకు పైగా నష్టం. ఖరీదైన టేకును కోత మిల్లులో పలుచని పట్టీ రంపం మీద కోయించేది ఇందుకే.

బారు కొనలో పొంచి ఉన్న ప్రమాదం

న్యూటను మూడో సూత్రం చదివారు గదా. ప్రతి చర్యకూ సమానమైన ప్రతిచర్య ఉంటుంది. బారు కొన పైభాగం దేనికైనా తగిలి పళ్ళు అక్కడ చిక్కుకుంటే, ముందుకు పోవలసిన బలం వెనక్కు తిరుగుతుంది. బారు పైకి లేచి, పట్టుకున్న మనిషి ముఖం వైపు దూసుకువస్తుంది. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది. మనిషి తేరుకొని తప్పుకునే వ్యవధి ఉండదు. అందువల్ల ముందు పిడికి అడ్డుగా ఉండే బ్రేకు తప్పనిసరి. వెనక్కు తన్నగానే అది గొలుసును ఆపుతుంది. ఎంత చవకగా వచ్చినా బ్రేకు లేని రంపాన్ని కొనరాదు.

బరువు కూడా ఆలోచించాలి. పైన చెప్పిన అతి పెద్ద రంపం ఒట్టి ఇంజనే దాదాపు 10 కిలోలు. బారు, గొలుసు, పెట్రోలు, నూనె కలిస్తే 13 కిలోలు దాటుతుంది. అలసిన చేతికి పట్టు సడలుతుంది. పట్టు సడలిన చేతికి ఎనిమిదిన్నర అశ్వశక్తి లొంగదు. రంపం చప్పుడు 100 డెసిబెల్స్ దాటుతుంది కనుక చెవులకు మూతలు, కళ్ళకు అద్దాలు, కాళ్ళకు గొలుసు చొరబడని దుస్తులు కావాలి. ఎడతెగని అదురు వల్ల వేళ్ళకు రక్తప్రసారం తగ్గి అవి పాలిపోయే జబ్బు వస్తుంది. పిడులకు అదురు తగ్గించే రబ్బర్లు లేదా స్ప్రింగులు ఉన్నాయేమో చూడటం అందుకే.

మరి మన చింత దుంగకు?

ఏడాదికి ఒకటి రెండు దుంగలు వచ్చే చోట 70 సి.సి. ఇంజను, 24 అంగుళాల బారు చాలు. రెండు వైపుల నుంచి నిదానంగా కోయవచ్చు. రోజూ ఇలాంటి దుంగలే వచ్చే కలప డిపోకు 90 సి.సి. దాటిన ఇంజను, 36 అంగుళాల బారు, పళ్ళు దూరంగా ఉన్న గొలుసు కావాలి. రెండు చోట్లా పదును పెట్టడం తెలిసినవాడు ఉండాలి. మొద్దుబారిన పళ్ళున్న పెద్ద రంపం కంటే పదునున్న చిన్న రంపమే మేలు.

నిలబడి ఉన్న చెట్టు మాటకొస్తే రంపం కంటే ముందు అనుమతి కావాలి. మన రాష్ట్రాలలో 2002 నాటి వాల్టా చట్టం ఈ సంగతే చెబుతుంది. వందేళ్ళు పెరిగిన చింతను కొన్ని నిమిషాలలో నేలకూల్చగల యంత్రం చేతిలో ఉన్నప్పుడు, కోయాలా వద్దా అన్న ఆలోచన ఇంకా ముందు రావాలి.

మీరు చేసి చూడండి: ఈ యంత్రం పిల్లలు ముట్టుకోదగింది కాదు. కాని దాని పాఠాన్ని ఒక స్పాంజి ముక్కతో నేర్చుకోవచ్చు. పొడవాటి స్పాంజి ముక్కకు ఒక పక్కన అడ్డంగా కొన్ని గీతలు గీయండి. దాన్ని రెండు పుస్తకాల మీద వంతెనలా ఆనించి, మధ్యలో వేలితో నొక్కండి. గీతలు పైన దగ్గరగా, కింద దూరంగా జరుగుతాయి. రెండు చివరలా ఆధారం ఉన్న దుంగ కూడా తన బరువుకే ఇలా వంగుతుంది. అలాంటి దుంగను పై నుంచే కోసుకుంటూ పోతే బారు ఇరుక్కుపోతుంది. ఎందుకో, దానికి ఉపాయం ఏమిటో ఆలోచించి మీ సైన్సు మాస్టారికి చెప్పండి.