చేతిలో యంత్రం, గల్లీలో కులం

'సందర్భాన్ని ఎరిగిన కంప్యూటర్' అనే మాట 1994లో అమెరికా పరిశోధకుల రాతల్లో కనబడింది. ఏందంటే, అరచేతిలో పట్టే యంత్రం తానెక్కడుందో, చుట్టూ ఏమున్నదో తనంతట తానే తెలుసుకోవాలె. ఇంగ్లండులోని కెంట్ విశ్వవిద్యాలయం వాళ్లు 1990ల చివర్లో పామ్‌పైలట్‌కు జీపీఎస్ తగిలించి కెన్యాలో జిరాఫీలను గమనించే పనికి వాడారు. పరిశోధకుల కళ్లు జిరాఫీ మీదే వుంటాయి. కనుక చోటు, టైము యంత్రమే రాసుకుంటుంది, మిగతాది ఒంటిచేత్తో నొక్కితే చాలు.

జిరాఫీని కులం అడగనక్కర్లేదు. హైదరాబాద్ పాతబస్తీలో అడగాలె.

చోటు సంగతి తొందరగా తేలుతుంది. 2000 మే దాకా అమెరికా మిలటరీ పౌరుల జీపీఎస్‌ను కావాలనే చెడగొట్టి పెట్టింది, వంద మీటర్ల దాకా తేడా. పాతబస్తీలో వంద మీటర్లంటే కొన్ని గల్లీలు! ఇప్పటికీ ఇరుకు గల్లీల్లో సిగ్నల్ గోడలకు తగిలి, ఒకరిల్లు పక్కింటి మీదికి జరుగుతుంది. ఇది దిద్దుకోగల తప్పు.

కులం తప్పు అట్లా కాదు. 2011లో మొదలైన సామాజిక, ఆర్థిక, కులగణనకు భారత్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసిన టాబ్లెట్లు వాడారు. కులాల జాబితా ముందుగా పెట్టలేదు, చెప్పింది చెప్పినట్టు ఎక్కించారు. 46 లక్షల పేర్లొచ్చాయని కేంద్రం 2021లో సుప్రీంకోర్టుకు చెప్పింది. 1931 లెక్కల్లో అవి 4,147. గోత్రం, ఇంటిపేరు, స్పెల్లింగు తేడా అన్నీ కులాలే అయినయి.

అట్లని జాబితా పెడితే సరిపోతుందా? తరతరాలుగా పారిశుధ్యం పనికి కట్టిపడేసిన మెహతర్ల పేరు ఎస్సీ జాబితాలో వుంది. వాళ్లలో చాలామంది గౌరవంగా వాల్మీకి అని చెప్పుకుంటారు. ఆ పేరేమో ఆంధ్ర ఏజెన్సీ ఎస్టీల జాబితాలో వుంది. లెక్కలాయన ఏ గడి నొక్కాలె? అదే పనిచేసే ముస్లిం కుటుంబాన్ని 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీగా ఒప్పుకోదు. హిందువులు, 1956 నుంచి సిక్కులు, 1990 నుంచి బౌద్ధులు మాత్రమే. మతం గడి నింపగానే ఎస్సీ గడి మూసుకుపోయేటట్టు ప్రోగ్రాం రాయడం చాలా తేలిక. అప్పుడు ఆ ఉత్తర్వు యంత్రం లోపల కూర్చుంటుంది, ఎవరికీ కనబడదు.

2027 జనాభా లెక్కల్లో కులం అడుగుతామని కేంద్రం 2025లో ప్రకటించింది, అదీ సెల్‌ఫోన్ యాప్‌తో. ఇంటి ఓనరు పక్కన నిలబడితే అద్దెకున్న దళితుడు తన కులం పైకి చెబుతాడా? ప్రశ్న ఉర్దూలో అడిగిండ్రా, తెలుగులోనా? ఈ సందర్భం ఏ ఉపగ్రహానికీ తెలియదు. కనీసం కోడ్‌తో పాటు ఆ మనిషి అన్న మాట కూడా అట్లాగే దాచాలె, గుమ్మం దిగేముందు ఏం రాసిండ్రో వాళ్లకు చదివి వినిపించాలె.